వాతావరణ బాకీ: అడిగేవారు, దాటవేసేవారు

1991లో ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం ఇంకా ముసాయిదా దశలోనే ఉంది. అప్పుడే చిన్న ద్వీప దేశాల కూటమి తరఫున వనువాటు ఒక ప్రతిపాదన పెట్టింది. సముద్రమట్టం పెరిగి నష్టపోయే దేశాల కోసం అంతర్జాతీయ బీమా నిధి ఒకటి పెట్టాలి, పారిశ్రామిక దేశాలు తమ జాతీయాదాయాన్నీ తాము వదిలిన కార్బన్‌నూ బట్టి అందులో వాటా వేయాలి అన్నది దాని సారాంశం. ఎవరి వాటా ఎలా తేల్చాలో కూడా ఆ కాగితంలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టేశారు. అలాంటి నిధి అవసరమేనని ప్రపంచ దేశాలు ఒప్పుకున్నది 2022 నవంబరులో, ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో. అంటే 31 ఏళ్ల తర్వాత.

ఈ 31 ఏళ్లలో అడగనివాళ్లంటూ లేరు. శాస్త్రవేత్తలు నివేదికలు ఇచ్చారు. పోప్ ఫ్రాన్సిస్ 2015లో ప్రత్యేకంగా ఒక లేఖ రాశారు. మాల్దీవుల మంత్రివర్గం 2009లో నీటి అడుగున కూర్చుని సమావేశమైంది. టువాలు మంత్రి సైమన్ కోఫె 2021లో మోకాలి లోతు సముద్రంలో నిలబడి ప్రసంగించారు. బడిపిల్లలు శుక్రవారాలు తరగతులు మానేసి రోడ్డెక్కారు. వీటిలో ఏ రకంగా అడిగినప్పుడు ప్రభుత్వాలు కదిలాయి, ఏ రకంగా అడిగినప్పుడు చప్పట్లు కొట్టి ఊరుకున్నాయి అని తేల్చుకోవడానికి ఇప్పుడు చాలినంత అనుభవం మన ముందుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనస్సాక్షికి మొరపెట్టుకున్న చోట తీర్మానాలు వచ్చాయి. బాకీదారు పేరు, మొత్తం, గడువు, నిలదీయడానికి ఒక వేదిక ఉన్న చోట ఎంతో కొంత పని జరిగింది. ఈ లెక్కన చూస్తే మన దేశం, మన రెండు రాష్ట్రాలు ఎక్కడున్నాయన్నది కూడా అడగక తప్పదు.

ముందు బాకీ ఎవరిదన్న సంగతి. దీనికి తొలి బలమైన జవాబు ఢిల్లీ నుంచే వచ్చింది. 1990లో వాషింగ్టన్‌లోని ఒక పరిశోధన సంస్థ దేశాలవారీగా ఉద్గారాల లెక్క కట్టి, భారత్, చైనా, బ్రెజిల్‌లను పెద్ద కాలుష్య దేశాల వరసలో నిలబెట్టింది. మరుసటి ఏడాదే సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఆ లెక్కను చీల్చి చెండాడారు. వరి మడిలోంచి వచ్చే మీథేన్‌నూ, విలాసానికి తిప్పే కారు పొగనూ ఒకే తక్కెడలో వేసి తూచడం ఏం న్యాయం అన్నది వాళ్ల ప్రశ్న. బతకడానికి వదిలే పొగ వేరు, భోగానికి వదిలే పొగ వేరు. 1992లో రియోలో కుదిరిన ఒప్పందంలో ‘బాధ్యత అందరిదీ, కాని అందరిదీ ఒకే మోతాదు కాదు’ అన్న సూత్రం చేరడానికి వర్ధమాన దేశాలు సాగించిన ఈ తరహా వాదనే కారణం.

అంకెలు నేటికీ ఆ వాదన పక్షానే ఉన్నాయి. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడులో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న భారత్ వాటా 3 శాతం చుట్టుపక్కల. తలసరి చూస్తే అమెరికా పౌరుడు ఏడాదికి 14 టన్నులకు అటూఇటూ, మనం 2 టన్నులు. అయితే ఈ కథ 1992 దగ్గర ఆగిపోలేదు. చైనా తలసరి ఉద్గారాలు ఐరోపాను దాటేశాయి. ఏటా వదిలే మొత్తంలో మనం చైనా, అమెరికాల తర్వాత మూడో స్థానానికి వచ్చాం. ‘తిలాపాపం తలా పిడికెడు’ అని అందరినీ ఒకే గాట కట్టడం ఎంత తప్పో, ముప్పయ్యేళ్ల కిందటి జాబితానే పట్టుకుని వేలాడడం కూడా అంతే తప్పు.

తలసరి సగటు అనేది ఎంత మాయ చేయగలదో చూడాలంటే జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి ఖతార్ వెళ్లిన కూలీని తలచుకుంటే చాలు. తలసరి ఉద్గారాల్లో ఖతార్‌ది ప్రపంచంలోనే అగ్రస్థాయి. లేబర్ క్యాంపులో ఒకే గదిలో నలుగురైదుగురితో సర్దుకునే మన మనిషిని కూడా గణాంకం ఆ జనాభాలోనే కలిపి భాగిస్తుంది. ఎండాకాలం ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట పని చేయించరాదని అక్కడి ప్రభుత్వం 2021లో నిబంధన తేవలసి వచ్చిందంటే, ఆ కార్బన్ వేడి ముందుగా తగిలేది ఎవరి నెత్తికో తెలుస్తూనే ఉంది. దేశాల మధ్య అన్యాయం ఎంత నిజమో, దేశాల లోపలి అన్యాయమూ అంతే నిజం. మొదటిదాని గురించి గట్టిగా మాట్లాడే ప్రభుత్వాలు రెండోదాని దగ్గర గొంతు తగ్గిస్తాయి.

ఇక చర్చల బల్ల దగ్గరికి వద్దాం. 1997 నాటి క్యోటో ఒప్పందం సంపన్న దేశాలకు కచ్చితమైన లక్ష్యాలు పెట్టింది. 2008–2012 నాటికి ఉద్గారాలను 1990 స్థాయి కంటే సగటున 5 శాతం తగ్గించాలన్నది ఆ లక్ష్యం. ఆ ఒప్పందం కుదరక ముందే, అదే ఏడాది జూలైలో అమెరికా సెనేట్ 95–0 ఓట్లతో తీర్మానం చేసింది. వర్ధమాన దేశాలకూ షరతులు పెట్టని ఏ ఒప్పందానికీ ఒప్పుకునేది లేదన్నది దాని సారం. 2001లో అమెరికా పూర్తిగా తప్పుకుంది. 2011లో కెనడా తానూ తప్పుకుంటున్నానని ప్రకటించింది. కట్టుబడకపోతే అడిగేవాడు లేని ఒప్పందానికి ఇంతకన్నా మంచి గతి పట్టదు.

డబ్బు సంగతి మరీ చిత్రం. 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగెన్‌లో సంపన్న దేశాలు మాటిచ్చాయి. సంపన్న దేశాల సంస్థ ఓఈసీడీ సొంత లెక్క ప్రకారమే 2020లో వచ్చింది 8,330 కోట్లు. మాట నిలబెట్టుకున్నది 2022లో, 11,590 కోట్లతో. అందులోనూ ప్రభుత్వాల నుంచి వచ్చిన సొమ్ములో దాదాపు మూడింట రెండొంతులు అప్పులే. నిజంగా ఇచ్చిన సాయాన్ని మాత్రమే లెక్కిస్తే ఇందులో మూడో వంతు కూడా ఉండదని ఆక్స్‌ఫామ్ వాదన. ఇల్లు కూల్చినవాడు బాగు చేసుకొమ్మని వడ్డీకి డబ్బిచ్చి, దానం చేశానని ఊళ్లో చెప్పుకోవడం లాంటిది ఇది.

ఇది ఎంత దూరం పోగలదో మొజాంబిక్ చూపించింది. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను బెయిరా రేవు పట్టణాన్ని తుడిచిపెట్టింది. ఆ దేశంలోనే 600 మందికి పైగా చనిపోయారు. తేరుకోవడానికి మొజాంబిక్‌కు దొరికిన పెద్ద ఆసరాల్లో ఒకటి అంతర్జాతీయ ద్రవ్యనిధి ఇచ్చిన 11.8 కోట్ల డాలర్లు. వడ్డీ లేదు, నిజమే. కాని అది కూడా అప్పే. అప్పటికే ఆ దేశం పీకల్లోతు అప్పుల్లో ఉంది.

2015 పారిస్ ఒప్పందాన్ని ప్రపంచమంతా పండగలా జరుపుకుంది. ఉష్ణోగ్రత పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపే ప్రయత్నం చేయాలన్న మాట ద్వీప దేశాల పట్టుదల వల్లే అందులోకి ఎక్కింది. అదే ఒప్పందంలో ‘నష్టం, హాని’ గురించి ఎనిమిదో అధికరణం ఉంది. దాని పక్కనే, ఒప్పందానికి అనుబంధంగా చేసిన నిర్ణయంలోని 51వ పేరాలో, ఈ అధికరణాన్ని చూపి పరిహారం గాని చట్టపరమైన బాధ్యత గాని అడగడానికి వీల్లేదని రాసుకున్నారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమంటే ఇదే. సంపన్న దేశాల భయమంతా ఎక్కడుందో ఆ ఒక్క పేరా చెప్పేస్తుంది. సాయం చేయమంటే వాళ్లకు పెద్ద అభ్యంతరం లేదు. బాకీ కట్టమంటేనే ఉలికిపాటు.

2022లో ఆ గోడకు కాస్త పగులు పడటానికి రెండు కారణాలు. ఒకటి, పాకిస్తాన్ వరదలు. 3.3 కోట్ల మంది దెబ్బతిన్నారు. 1,700 మందికి పైగా చనిపోయారు. ఆస్తి నష్టం, ఆర్థిక నష్టం కలిపి 3 వేల కోట్ల డాలర్లు దాటింది. రెండు, ఆ ఏడాది 130కి పైగా వర్ధమాన దేశాల జీ77 కూటమికి నాయకత్వం పాకిస్తాన్‌దే కావడం. అప్పటి వాతావరణ మంత్రి షెర్రీ రెహ్మాన్ నష్టపరిహార నిధి సంగతి తేలందే ముందుకు సాగేది లేదని భీష్మించారు. చేతిలో తాజా నష్టం లెక్క, వెనక కూటమి. రెండూ ఒకరికే దక్కిన సందర్భం అది.

నిధి వచ్చింది. అందులో డబ్బు? 2023లో దుబాయ్ సదస్సు తొలి రోజునే దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. యూఏఈ, జర్మనీ చెరో 10 కోట్ల డాలర్లు ప్రకటించాయి. అమెరికా ప్రకటించింది 1.75 కోట్లు. సదస్సు ముగిసేసరికి హామీలన్నీ కలిపి 70 కోట్ల డాలర్ల దగ్గర ఆగాయి. తర్వాత పెరిగింది స్వల్పమే. ఒక్క పాకిస్తాన్‌కు ఒక్క వానాకాలంలో జరిగిన నష్టంలో ఇది నలభయ్యో వంతు. మరోపక్క, 2022లో శిలాజ ఇంధనాలకు ప్రపంచ ప్రభుత్వాలు నేరుగా ఇచ్చిన సబ్సిడీలే 1.3 లక్షల కోట్ల డాలర్లని ద్రవ్యనిధి అంచనా. డబ్బు లేక కాదన్నమాట.

2024లో బాకూ సదస్సులో వర్ధమాన దేశాలు ఏటా అడిగింది కూడా సరిగ్గా 1.3 లక్షల కోట్ల డాలర్లే. 2035 నాటికి ఏటా 30 వేల కోట్లన్న దగ్గర అధ్యక్ష స్థానంలో ఉన్నవారు సుత్తి కొట్టేశారు. భారత ప్రతినిధి చాందినీ రైనా అభ్యంతరం చెబుదామనుకునే లోపే అది ఆమోదం పొందిపోయింది. తర్వాత ఆమె లేచి, ఈ పత్రం ఒట్టి కనికట్టు అని మొహమ్మీదే అనేశారు. హాల్లో చప్పట్లు మోగాయి. నిర్ణయం మాత్రం మారలేదు. 2025 జనవరిలో అమెరికా మళ్లీ పారిస్ నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. ఆ నవంబరులో బ్రెజిల్‌లోని బెలెమ్ సదస్సుకు ఆ దేశ అధికారిక బృందమే రాలేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2025 నివేదిక ప్రకారం, ఇప్పుడు అమల్లో ఉన్న విధానాలే కొనసాగితే ఈ శతాబ్దాంతానికి 2.8 డిగ్రీలు తప్పవు.

రోడ్డెక్కిన ఉద్యమాల సంగతి క్లుప్తంగానే చెబుతాను, వాటిని చిన్నచూపు చూసి కాదు. 2018 ఆగస్టులో స్టాక్‌హోమ్ పార్లమెంటు ముందు ఒక్కతే కూర్చున్న గ్రెటా థున్‌బర్గ్ వెనక మరుసటి ఏడాది సెప్టెంబరుకల్లా లక్షలాది మంది నడిచారు. ఐరోపా పార్లమెంటు ఎన్నికల్లో హరిత పార్టీల బలం పెరగడంలో ఆ గాలి పాత్ర ఉంది. కాని రోడ్డు మీది ఒత్తిడి నిలిచేది జనం రోడ్డు మీద ఉన్నంతకాలమే. కరోనా వచ్చింది, జనం ఇళ్లకు వెళ్లారు, నాయకులు ఊపిరి పీల్చుకున్నారు. నా దృష్టిలో ఇంతకన్నా గట్టి పాఠం జూబిలీ 2000 ఉద్యమంలో ఉంది. పేద దేశాల అప్పులు రద్దు చేయాలని 1998లో బర్మింగ్‌హామ్ జీ8 సమావేశం చుట్టూ మానవహారం కట్టారు. 2 కోట్లకు పైగా సంతకాలు సేకరించారు. అక్కడ కోరిక స్పష్టం, అప్పు ఇచ్చినవాడు స్పష్టం, గడువు 2000 సంవత్సరం. ఆ తర్వాతి ఏళ్లలో పేద దేశాల అప్పుల రద్దు నిజంగానే జరిగింది.

ఆ తోవనే బార్బడోస్ ప్రధాని మియా మోట్లీ పట్టుకున్నారు. పరిహారం అడిగితే ఇవ్వరు కాబట్టి అప్పు పత్రంలోనే షరతు రాయించారు. పెనుతుపాను వస్తే కొంతకాలం వాయిదాలు కట్టక్కర్లేదన్నది ఆ షరతు. వినడానికి చిన్న సంగతే. కాని 2024 జూలైలో బెరిల్ తుపాను గ్రెనడాను ఊడ్చేసినప్పుడు ఆ దేశం తన బాండ్లలోని సరిగ్గా అలాంటి నిబంధనను వాడుకుని, అప్పులవాళ్లకు కట్టాల్సిన సొమ్మును సహాయ పనులకు మళ్లించుకోగలిగింది. ఏ సదస్సు తీర్మానమూ అంత వేగంగా అక్కరకు రాలేదు.

కోర్టుల దగ్గరికి వస్తే కథ మలుపు తిరుగుతుంది. 2015 జూన్‌లో హేగ్ జిల్లా కోర్టు నెదర్లాండ్స్ ప్రభుత్వానికి ఒక ఆదేశం ఇచ్చింది. 2020 కల్లా ఉద్గారాలను 1990 స్థాయి కంటే కనీసం 25 శాతం తగ్గించాలన్నది దాని సారం. ఉర్గెండా అనే సంస్థ, దాదాపు 900 మంది పౌరులు కలిసి వేసిన దావా అది. ప్రభుత్వం అప్పీళ్ల మీద అప్పీళ్లు వేసింది. 2019 డిసెంబరు 20న సుప్రీంకోర్టు తీర్పును ఖాయం చేసింది. ఆ నెలలోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడింది. లక్ష్యం అంచు మీద చేరారు, కరోనా కూడా కలిసొచ్చింది. అయినా ఒక అంకె, ఒక తేదీ ఉన్న తీర్పు చేయగల పని ఇది. 2021లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం, 2030 తర్వాతి భారమంతా రేపటి తరం నెత్తిన పడేసే చట్టం చెల్లదని చెప్పింది. కొన్ని వారాల్లోనే ప్రభుత్వం చట్టం మార్చి, కార్బన్ తటస్థత గడువును 2050 నుంచి 2045కు జరిపింది.

వీటన్నిటికంటే మనకు దగ్గరగా ఉన్న కేసు లాహోర్‌ది. అస్ఘర్ లెఘారీ అనే రైతు 2015లో అక్కడి హైకోర్టుకెళ్లాడు. ప్రభుత్వం కొత్తగా ఏదో చేయాలని ఆయన అడగలేదు. 2012లో మీరే రాసుకున్న విధానాన్ని అమలు చేయమన్నాడు, అంతే. న్యాయమూర్తి సయ్యద్ మన్సూర్ అలీ షా ప్రతి శాఖ ఒక బాధ్యుడైన అధికారి పేరివ్వాలని, డిసెంబరు 31లోగా చేయాల్సిన పనుల జాబితా తేవాలని ఆదేశించి, పర్యవేక్షణకు ఒక కమిషన్ వేశారు. 2018 ఆరంభంలో ఆ కమిషన్‌ను ముగించేనాటికి, ప్రాధాన్య పనుల్లో మూడింట రెండొంతులు అయ్యాయని రికార్డులోకెక్కింది. గంభీరమైన హక్కుల ప్రకటనల కన్నా, ‘ఈ ఫైలు ఎవరి బల్ల మీద ఉంది?’ అన్న ఆ ఒక్క ప్రశ్నకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

కోర్టులంటే సర్వరోగ నివారిణి అని కాదు. 2024 ఏప్రిల్‌లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానంలో స్విట్జర్లాండ్ వృద్ధ మహిళల సంఘం గెలిచింది. దాదాపు రెండు నెలలకే ఆ దేశ పార్లమెంటు, మేం చేసింది చాలు అని తీర్మానించింది. పెరూలోని హువారాజ్ రైతు సౌల్ లుసియానో లియుయా కథ ఇంకో రకం. ఊరి పైన కొండల్లో పాల్కకోచా సరస్సు ఉంది. హిమానీనదం కరిగి అది ఉబ్బుతోంది. 1941లో దాని గట్టు తెగి ఊళ్లో వేలాది మంది చనిపోయారు. జర్మనీ విద్యుత్ కంపెనీ ఆర్‌డబ్ల్యూఈ ప్రపంచ పారిశ్రామిక ఉద్గారాల్లో తన వాటా ఎంతో, అంటే దాదాపు అర శాతం, కట్టడాల ఖర్చులో అంతే కట్టాలని ఆయన 2015లో దావా వేశాడు. అడిగింది సుమారు 17 వేల యూరోలు! ఆ కంపెనీ లాయర్ల ఫీజుకు కూడా చాలని సొమ్ము. అయినా పదేళ్లు పోరాడింది. 2025 మే 28న హామ్ నగర కోర్టు, ఆయన ఇంటికి ముప్పు చాలినంత దగ్గర్లో లేదని దావా కొట్టేసింది. కాని అదే తీర్పులో, ఇలాంటి హానికి పెద్ద కాలుష్య కంపెనీలను సూత్రప్రాయంగా బాధ్యుల్ని చేయవచ్చని చెప్పింది. ఓడిపోయిన రైతు తర్వాతివాళ్లకు దారి వేసి పెట్టాడు.

ఆ దారి పెద్దదయ్యింది మళ్లీ వనువాటు వల్లే. 2019లో పోర్ట్ విలాలో న్యాయశాస్త్రం చదువుతున్న 27 మంది విద్యార్థులు, అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడుగుదామన్నారు. వనువాటు ప్రభుత్వం ఆ మాటను భుజానికెత్తుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో ఆ ప్రశ్నను హేగ్‌కు పంపింది. 2024 డిసెంబరులో రెండు వారాల పాటు 96 దేశాలు వాదనలు వినిపించాయి. 2025 జూలై 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పినదాని సారం ఇది. వాతావరణానికి హాని జరగకుండా చూడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత. ఆ బాధ్యత ఏదో ఒక ఒప్పందంలో సంతకం పెట్టడంతో పుట్టేది కాదు, తప్పుకుంటే పోయేదీ కాదు. శిలాజ ఇంధనాల ఉత్పత్తికి అనుమతులు, సబ్సిడీలు ఇవ్వడం కూడా తప్పిదంగా నిలవవచ్చు. తప్పు రుజువై, దానికీ నష్టానికీ సంబంధం తేలితే పరిహారం కట్టాలి. ఇది సలహా అభిప్రాయమే. జప్తుకు రావడానికి ఎవరికీ అధికారం లేదు. కాని పారిస్ 51వ పేరాతో మూసేశామనుకున్న తలుపు పక్కనే ఇంకో తలుపు తెరుచుకుంది.

ఆ విచారణలో మన దేశం ఏం చెప్పింది? చరిత్రలో ఎక్కువ పొగ వదిలింది సంపన్న దేశాలేనని, భారత్ తన వాటాకు మించి చేస్తోందని మన ప్రతినిధి గట్టిగానే చెప్పారు. అక్కడిదాకా న్యాయం. దాంతోపాటే, ఇప్పుడున్న వాతావరణ ఒప్పందాలకు మించి కొత్త బాధ్యతలు సృష్టించవద్దని కోర్టును కోరారు. ఈ ఒక్క ముక్కలో మనం నిలబడ్డది అమెరికా, బ్రిటన్, సౌదీ అరేబియాల సరసన. వనువాటు, బంగ్లాదేశ్ వైపు కాదు. రేపు మన మీదికే దావా వస్తుందేమోనన్న జాగ్రత్త అందులో ఉంది. అర్థం చేసుకోవచ్చు. కాని సుదీర్ఘ తీరం, హిమానీనదాలు, రుతుపవనం మీద ఆధారపడ్డ కోట్లాది కమతాలు ఉన్న దేశం బాకీదారుగా కంటే బాధితురాలిగానే ఎక్కువ పోగొట్టుకుంటుంది. మన దౌత్యం ఈ లెక్క సరిగ్గా వేయలేదని నా నమ్మకం.

మన సుప్రీంకోర్టు 2024 మార్చి 21 నాటి తీర్పులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద ఒక హక్కని తొలిసారి స్పష్టంగా చెప్పింది. గొప్ప మాటే. కాని ఆ కేసు దేని గురించి? బట్టమేక పిట్ట గురించి. ఒకప్పుడు నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాల్లో పేరుపొంది, ఇప్పుడక్కడ కనిపించడమే గగనమైన పక్షి అది. రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలు తగిలి చచ్చిపోతోందని, ఆ తీగలను భూగర్భంలో వేయాలని కోర్టే 2021లో ఆదేశించింది. సౌర విద్యుత్తుకు అడ్డమవుతోందన్న ప్రభుత్వ వాదన విని ఆ ఆదేశాన్ని సడలిస్తూ, ఆ సందర్భంలో ప్రకటించిన హక్కు ఇది. హక్కు పుట్టింది గాని దాన్ని పట్టుకుని ఒక పౌరుడు ప్రభుత్వంతో ఏ పని చేయించుకోవచ్చో ఆ తీర్పు చెప్పలేదు. అంతకు ముందు, ప్రభుత్వం చాలినంత చేయడం లేదని ఉత్తరాఖండ్ బాలిక రిధిమా పాండే 2017లో హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయిస్తే, చట్టాలు ఉన్నాయిగా, అమలు కావడం లేదని ఎందుకనుకోవాలి అన్నట్టుగా 2019లో పిటిషన్ కొట్టేశారు. లాహోర్ న్యాయమూర్తి అడిగిన ప్రశ్న మన దగ్గర ఇంకా ఎవరూ అడగలేదు.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న వేరే పేర్లతో వినిపించింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో రైతులు, మత్స్యకారులు థర్మల్ కేంద్రం వద్దన్నది కార్బన్ లెక్కలు చూసి కాదు. బీల అని పిలిచే చిత్తడి నేల వాళ్లకు చేపలిచ్చింది, పంటకు నీళ్లిచ్చింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఢిల్లీ బల్ల మీది కాగితం ఒక్క రోజు ముందు కదిలి ఉంటే అన్న ఆలోచన ఎవరికైనా రాక మానదు. వాతావరణ పోరాటాల చరిత్ర రాసేవాళ్లు స్టాక్‌హోమ్‌తో మొదలుపెడుతుంటారు. దానికి ఎనిమిదేళ్ల ముందే సోంపేట ఉంది.

2015 మే నెల వడగాడ్పుల్లో దేశవ్యాప్తంగా 2 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణల వారే. ఉపాధి కూలీలు, గొర్రెల కాపరులు, ఒంటరి ముసలివాళ్లు. అప్పటికి జాతీయ విపత్తుల జాబితాలో వడగాడ్పు లేదు. అది వడదెబ్బ చావేనని తేల్చడానికి మండల స్థాయిలో తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ డాక్టరు కలిసి ధ్రువీకరించాలి. పోస్టుమార్టం కావాలి. సాయంత్రం పొలం నుంచి వచ్చి పడుకుని తెల్లారేసరికి లేవని మనిషికి పోస్టుమార్టం చేయించాలని ఏ ఇంట్లో తోస్తుంది? అంత్యక్రియలు అయిపోయాక ఎవరో చెబితే కుటుంబం ఆఫీసుకొస్తుంది. అప్పుడు చూపించడానికి ఏ కాగితమూ ఉండదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, అంతకు ముందు 50 వేలుగా ఉన్న పరిహారాన్ని 4 లక్షల రూపాయలు చేసింది. దేశంలో ఇది ముందడుగే. రుజువు భారం మాత్రం ఇంకా చనిపోయినవాడి ఇంటి మీదే ఉంది. హువారాజ్ రైతును జర్మనీ కోర్టు అడిగిందీ రుజువే.

కౌలు రైతు దగ్గర ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తుపాను తర్వాత గోదావరి, కృష్ణా జిల్లాల్లో పడిపోయిన వరి చేలో నిలబడి అధికారులు నష్టం నమోదు చేసుకుంటారు. పెట్టుబడి పెట్టింది కౌలుదారు, అప్పు చేసింది కౌలుదారు. పట్టాదారు పాసుపుస్తకం ఎవరిదైతే ఇన్‌పుట్ సబ్సిడీ వారి ఖాతాకే వెళ్లడం ఎన్నో ఏళ్లుగా జరుగుతున్నదే. ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద సాగుదారు కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. భూమి చేజారుతుందేమోనని చాలామంది పెట్టరు. ‘నష్టం, హాని’ నిధి పాలకమండలిలో ‘సొమ్ము ప్రభుత్వాల ఖజానాకు వెళ్లాలా, నేరుగా బాధితులకు వెళ్లాలా’ అని జరుగుతున్న వాదనకు జవాబు కావాల్సినవాళ్లు మన మండలాఫీసులకు రావచ్చు. ఖజానా దాకా వచ్చినంత మాత్రాన చేతికి అందదని ఇక్కడ బాగా తెలుసు.

బొగ్గు విషయంలోనూ సూటిగా మాట్లాడాలి. భారత్ విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదేనని 2025లో, గడువుకు ఐదేళ్ల ముందే, ప్రభుత్వం ప్రకటించుకుంది. నిజంగా సాధించినదే. కాని సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. మనం వాడే కరెంటులో నాలుగింట మూడొంతులకు దగ్గరగా ఇప్పటికీ బొగ్గుదే. దాన్ని తగ్గించే రోజున సింగరేణి ప్రాంతం ఏమవుతుందని ఇప్పుడే అడగాలి. ఆ సంస్థలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు వచ్చారు. అది యంత్రాలు, ఓపెన్‌కాస్టుల వల్ల జరిగింది, వాతావరణ విధానం వల్ల కాదు. ఆ తగ్గుదలకు ఎవరూ ‘న్యాయమైన పరివర్తన’ ప్రణాళిక వేయలేదు. రేపటి తగ్గుదలకైనా వేయాలి. కాంట్రాక్టు కార్మికుల పేర్లు కూడా అందులో ఉండాలి.

నాయకులకు ఇప్పుడు అర్జీ పెడితే అందులో భూమాతను కాపాడండి అన్న మాట అక్కర్లేదు. పెట్టాల్సినవి వేరే ఉన్నాయి. వడదెబ్బ మరణాల్లో పోస్టుమార్టం లేకున్నా ఆశా కార్యకర్త, ఇరుగుపొరుగు ఇచ్చే వాంగ్మూలం చాలునని రెండు రాష్ట్రాలూ జీఓ ఇవ్వాలి. పంట నష్టం లెక్కలో సాగుదారు పేరు యజమాని సంతకంతో పని లేకుండా గ్రామసభలోనే తేలాలి. ప్రతి జిల్లా వాతావరణ ప్రణాళికలో ఏ పని ఏ అధికారిదో, ఏ తేదీకి పూర్తి కావాలో కలెక్టరేట్ గోడ మీద అతికించాలి. కేంద్రాన్ని అడగాల్సిందీ ఉంది. 2024 డిసెంబరులో హేగ్‌లో మన తరఫున ఆ వాదన వినిపించే ముందు తీర రాష్ట్రాలను సంప్రదించారా? 2025 జూలై అభిప్రాయం వచ్చాక ఆ వైఖరిని మళ్లీ పరిశీలించారా? ఈ రెండు ప్రశ్నలూ పార్లమెంటులో వేయడానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరమున్న ఆంధ్రప్రదేశ్‌కు లోక్‌సభలో 25 మంది సభ్యులున్నారు.